సరుకు టైమ్‌కి చేరుతోంది.. మరి మనిషి ఇంటికి చేరేదెప్పుడు? సప్లై చైన్ ఉద్యోగుల పనివేళల లెక్క ఇదీ!

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన మిక్సీ మర్నాటికల్లా గుమ్మం ముందు ఉంటుంది. భీమవరం చెరువులో పట్టిన రొయ్య ఐసు కరిగేలోపే ప్రాసెసింగ్ ప్లాంటుకు చేరుతుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా చల్లదనం తగ్గకుండా వేల కిలోమీటర్లు వెళ్తుంది. ఇవన్నీ టైమ్ తప్పకుండా జరుగుతున్నాయంటే, ఎక్కడో ఎవరో తమ టైమ్‌ని వదులుకుంటున్నారనే అర్థం.

గోదాములో సరుకు ఏరి ప్యాక్ చేసే కుర్రాళ్లు, లోడింగ్ చేసే హమాలీలు, డిస్పాచ్ సూపర్‌వైజర్, లారీ డ్రైవర్, కంప్యూటర్ ముందు కూర్చుని స్టాక్ లెక్కలు చూసే ప్లానర్.. వీళ్లందరూ కలిస్తేనే సప్లై చైన్. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 గంటల పని గురించి మాట్లాడినప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట బయటికొచ్చినప్పుడు దేశమంతా చర్చించుకుంది. ఆ చర్చలో ఎక్కువగా వినిపించింది ఐటీ, కార్పొరేట్ ఆఫీసుల గొంతే. సీజన్ వస్తే 12 గంటల డ్యూటీ మామూలైపోయిన గోదాముల గురించి, రోడ్డు మీదే రాత్రుళ్లు గడిపే డ్రైవర్ల గురించి మాట్లాడింది తక్కువ.

అసలు ఈ రంగంలో ఉద్యోగానికి, ఇంటికి మధ్య బ్యాలెన్స్ ఎందుకు తప్పుతోంది? చట్టం ఏం చెబుతోంది? దారి ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

గడియారం చేతిలో ఉండదు

'టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకో, అంతా సర్దుకుంటుంది' అని చాలామంది సలహా ఇస్తుంటారు. మిగతా ఉద్యోగాల్లో ఇది కొంతవరకు పనిచేయొచ్చు. సప్లై చైన్‌లో మాత్రం చిక్కు వేరే చోట ఉంది. ఇక్కడ ఒకరి పని మొదలవ్వాలంటే ఇంకొకరి పని పూర్తవ్వాలి. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ఆలస్యమైతే గోదాముకు బండి లేటుగా వస్తుంది. బండి లేటైతే లోడింగ్ రాత్రికి జరుగుతుంది. సాయంత్రం 6కి డ్యూటీ దిగాల్సిన సూపర్‌వైజర్ 11 గంటలకు కూడా గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. అతను తన పని ఎంత చకచకా చేసుకున్నా లాభం లేదు. ఆలస్యం అతనిది కాదు కాబట్టి.

దానికి తోడు నగరాల ట్రాఫిక్ ఆంక్షలు. హైదరాబాద్ లాంటి చోట్ల పగటిపూట భారీ లారీలను లోపలికి రానివ్వరు. అందుకే శంషాబాద్, మేడ్చల్, పటాన్‌చెరు వైపు గోదాముల నుంచి సిటీలోకి వెళ్లాల్సిన పెద్ద బండ్ల పని రాత్రికి పడుతుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునే అవసరం తగ్గింది. కంపెనీలు నగరాల శివార్లలో భారీ గోదాముల వైపు మళ్లాయి. ఊరికి దూరంగా ఉండటంతో డ్యూటీకి వెళ్లి రావడానికే రోజులో మరికొంత సమయం పోతోంది.

చిన్న కదలిక.. పెద్ద కుదుపు

పని ఒక్కసారిగా మీద పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. సప్లై చైన్ పాఠాల్లో దీన్ని 'బుల్‌విప్ ఎఫెక్ట్' అంటారు. కొరడాని చేతి దగ్గర కాస్త ఆడిస్తే చివర ఎంత పెద్దగా ఊగుతుందో, అలా అన్నమాట.

ఉదాహరణకు ఎండాకాలంలో ఓ కిరాణా షాపులో వారానికి 10 కేసుల కూల్‌డ్రింక్స్ అమ్ముడవుతాయి అనుకుందాం. ఓ వారం 12 కేసులు పోయాయి. షాపాయన 'ఇంకా పెరుగుతుందేమో' అని 14 కేసులు ఆర్డర్ పెడతాడు. ఆ 14 చూసిన డిస్ట్రిబ్యూటర్ 18 అడుగుతాడు. డిపోలో ప్లానర్ 24కి ప్లాన్ వేస్తాడు. అమ్మకం పెరిగింది 2 కేసులే. డిపోలో హడావుడి మాత్రం రెట్టింపు దాటింది. తర్వాతి వారం అమ్మకం మళ్లీ 10కి వస్తే ఆర్డర్లు ఆగిపోతాయి. అంటే ఓ వారం నిద్ర ఉండదు, మరో వారం పని ఉండదు.

1990లలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన పాంపర్స్ డైపర్ల విషయంలో దీన్ని గమనించింది. పసిపిల్లలు డైపర్లు వాడే లెక్క దాదాపు స్థిరంగానే ఉంటుంది. కానీ డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగుడుదిగుడుగా ఉండేవి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ హౌ లీ, ఆయన సహ రచయితలు 1997లో రాసిన వ్యాసాలతో ఈ విషయం బాగా ప్రచారంలోకి వచ్చింది. కంపెనీలు దీన్ని స్టాక్ ఖర్చు సమస్యగానే చూస్తుంటాయి. కానీ ఆ ఊపులో నలిగేది మనుషులే. కాంట్రాక్ట్ కూలీకి ఓ వారం డబుల్ డ్యూటీ, మరో వారం 'రేపు రావొద్దు' అన్న ఫోన్.

నెలాఖరు అంటే హడల్

ఈ కుదుపుకు నెలాఖరు టార్గెట్లు తోడవుతాయి. సేల్స్ లెక్క నెల నెలా చూస్తారు కాబట్టి, 20వ తేదీ దాకా నెమ్మదిగా ఉన్న ఆర్డర్లు చివరి పది రోజుల్లో కుప్పగా వచ్చి పడతాయి. బిల్లు 30వ తేదీలోపు పడితేనే ఆ నెల ఖాతాలో అమ్మకం కనిపిస్తుంది. మార్చి నెలాఖరు అయితే ఇక చెప్పక్కర్లేదు. ఏడాది టార్గెట్ ఓవైపు, స్టాక్ లెక్కింపు మరోవైపు.

విచిత్రం ఏంటంటే, ఈ తొందరలో చాలావరకు చట్టం పెట్టింది కాదు. ఈ-వే బిల్లునే చూడండి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. ఆపై ప్రతి 200 కిలోమీటర్లకు, అందులో కొంత భాగమైనా సరే, మరో రోజు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి సుమారు 620 కిలోమీటర్లు. ఆ లెక్కన గడువు 4 రోజులు. కానీ కస్టమర్‌కి ఇచ్చిన మాట 'రేపు పొద్దున్నే'. ఆ మాట ఇచ్చేది సేల్స్ వాళ్లు. నిలబెట్టాల్సింది గోదాము, డ్రైవర్. మాట ఇచ్చేటప్పుడు వాళ్లను అడిగేవాళ్లు తక్కువ.

పండుగల సంగతీ ఇంతే. దసరా, దీపావళి సేల్స్ టైమ్‌లో సెలవు అడగడమంటే సాహసమే. సంక్రాంతికి ఊరంతా సొంతూరి బస్సెక్కుతుంటే, ఆ ఊళ్లకు కొత్త బట్టలు, సరుకులు పంపించినవాళ్లు గోదాములోనే ఉంటారు. మామిడి సీజన్‌లో నూజివీడు, చిత్తూరు వైపు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు మే, జూన్ నెలల్లో పెళ్లిళ్లకు వెళ్లే తీరిక దొరకదు. పండు ఆగదు, రొయ్య ఆగదు, కాబట్టి మనిషీ ఆగడు.

గేటు దగ్గర కరిగిపోయే గంటలు

లారీ డ్రైవర్ కష్టం అనగానే స్టీరింగ్ ముందు కూర్చున్న గంటలే గుర్తొస్తాయి. నిజానికి ఎన్నో గంటలు గేటు బయటే పోతాయి. లోడింగ్ కోసం, అన్‌లోడింగ్ కోసం, కాగితాల కోసం లైన్‌లో ఎదురుచూపు. బండి ఎప్పుడు కదలమంటారో తెలీదు, కాబట్టి నిద్రపోవడానికి లేదు. స్నానం, భోజనం, టాయిలెట్.. అన్నీ దొరికితే దొరికినట్టు.

1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టం డ్రైవర్లకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. దూర ప్రయాణాల్లో రోజుకు 10, వారానికి 54 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. అయితే పనిగంటల నిర్వచనంలో ఓ మెలిక ఉంది. టెర్మినల్ దగ్గర ఊరికే హాజరై ఉన్న సమయం గురించి చెబుతూ, 15 నిమిషాల లోపు విరామాలను పనిగంటల్లో చేర్చింది. మరి గంటల తరబడి గేటు ముందు నిలబడితే? కాగితం మీద అది విశ్రాంతిలా కనిపించొచ్చు. ఒంటికి మాత్రం అది విశ్రాంతి కాదు. ఈ చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. గేటు ముందు లైన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అయిదారు గంటలు గేటు దగ్గర పోయాక, పోయిన టైమ్‌ని రోడ్డు మీద రాబట్టుకోవాలని ఒత్తిడి. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో డ్రైవర్‌కు ఉన్న పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తాగి నడిపితే పట్టుకోవడానికి పోలీసుల దగ్గర బ్రీత్ ఎనలైజర్ ఉంది. నిద్రమత్తును పట్టుకునే మిషన్ చెక్‌పోస్టులో ఉండదు.

యూరప్ దేశాల్లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల బ్రేక్ తప్పనిసరి. రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. బండిలో ఉండే టాకోగ్రాఫ్ అనే పరికరం ఆ లెక్కను నమోదు చేస్తుంది. మన దగ్గర ఓ మంచి అడుగు పడింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. మే నెల ఎండలో ఇంజిన్ వేడి పక్కనే కూర్చునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే రోడ్డు మీదున్న పాత లారీలకు ఇది వర్తించదు.

ఏసీ ఆఫీసులో ఉన్నా అదే కథ

ప్లానింగ్, కొనుగోళ్లు, షిప్‌మెంట్ ట్రాకింగ్ చూసే ఉద్యోగులకు ఒంటి కష్టం తక్కువే. కానీ పని ఇంటిదాకా వస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల సప్లై చైన్ చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వాళ్ల రోజు మొదలయ్యేసరికి ఇక్కడ పిల్లలు స్కూల్ నుంచి వచ్చి హోంవర్క్ కూడా అయిపోతుంది.

ఇక వాట్సాప్ గ్రూపులు. 'బండి ఎక్కడుంది?' అనే మెసేజ్‌కి రాత్రి, పగలు తేడా లేదు. ఒకే ప్రశ్న ఆరుగురికి వెళ్తుంది, ఆరుగురూ నిద్ర లేస్తారు, జవాబు చెప్పేది ఒక్కరు. డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోన్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లోనే చట్టంలో పెట్టింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు కానీ చట్టం కాలేదు.

ఒంటికి తగిలే దెబ్బ

ఎక్కువ గంటల పని అలసటతో ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ఓ అధ్యయనం విడుదల చేశాయి. వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవారిలో, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. ఒక్క 2016లోనే ప్రపంచవ్యాప్తంగా 7.45 లక్షల మరణాలకు ఎక్కువ పనిగంటలతో సంబంధం ఉందని లెక్కగట్టాయి. వారానికి ఆరు రోజులు, రోజుకు 10 గంటలు అంటేనే 60 గంటలు. గోదాముల్లో అది పెద్ద విషయంగా ఎవరూ చూడరు.

రాత్రి షిఫ్టుల సంగతి వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నైట్ షిఫ్ట్ పనిని 'క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవి' అన్న జాబితాలో 2007లో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. వారం పగలు, వారం రాత్రి అంటూ షిఫ్ట్ మారుతూ ఉంటే శరీరానికి ఏ వేళా అలవాటు కాదు.

టార్గెట్ ఒత్తిడి ఎంతదాకా వెళ్తుందో 2024లో దేశం చూసింది. హర్యానాలోని మానేసర్‌లో ఓ ఈ-కామర్స్ గోదాములో టార్గెట్ పూర్తయ్యేదాకా నీళ్లకు, టాయిలెట్‌కు వెళ్లబోమని కార్మికులతో ప్రతిజ్ఞ చేయించారన్న వార్తలొచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ సుమోటోగా స్పందించి కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది.

చట్టం ఏం చెబుతోంది?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వీటిలో పని ప్రదేశాల్లో భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 10 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది. ముఖ్యమైన అంశాలు ఇవీ:

- రోజుకు 8 గంటల పని. దాటితే ఓవర్‌టైమ్‌కు మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి.
- ఓవర్‌టైమ్ చేయించాలంటే కార్మికుడి సమ్మతి ఉండాలి.
- ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే వేతనంతో కూడిన సెలవుకు అర్హత వస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఇది 240 రోజులు. 20 పని రోజులకు ఒక రోజు సెలవు.
- మహిళలతో రాత్రి షిఫ్ట్ చేయించాలంటే వాళ్ల సమ్మతి, భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి.
- ఉద్యోగంలో చేరినవారికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి.

ఇక రాష్ట్రాల సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది. దుకాణాలకు ఇది వర్తించదు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచుతూ సవరణలు తెచ్చింది. తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటల గీత అలాగే ఉంది. లెక్క తేలికే. రోజుకు 10 గంటల చొప్పున నాలుగు రోజులు, అయిదో రోజు 8 గంటలు చేస్తే 48 పూర్తి. ఆపై రెండు రోజులు సెలవు దొరకాలి. అలా కాకుండా ఆరు రోజులూ 10 గంటలు చేయిస్తే, వారానికి 12 గంటలు ఓటీ కింద రావాలి. 10 గంటలు అన్నమాట అమలై, 48 అన్నమాట మర్చిపోతే నష్టపోయేది ఉద్యోగే.

ఇక్కడ చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. కోడ్ ప్రకారం మేనేజర్ పనిచేసేవారు, నెలకు రూ.18,000 కంటే ఎక్కువ వేతనం తీసుకునే సూపర్‌వైజర్లు 'కార్మికుడు' అన్న నిర్వచనంలోకి రారు. అంటే విజిటింగ్ కార్డు మీద 'అసిస్టెంట్ మేనేజర్' అని పడ్డాక, రాత్రి 11 దాకా గేటు దగ్గర నిలబడ్డా ఓటీ రాకపోవచ్చు. హోదా పెరిగిందని సంబరపడేలోపు గంటల లెక్క చేజారిపోతుంది. అందుకే ఆఫర్ లెటర్‌లో జీతంతో పాటు పనివేళలు, వీక్లీ ఆఫ్, సెలవుల సంగతి చదివాకే సంతకం పెట్టడం మంచిది.

గంటల కంటే ముందు కావాల్సింది.. 'ముందే తెలియడం'

సప్లై చైన్‌లో పని ఎక్కువగా ఉండే రోజులు ఎప్పుడూ ఉంటాయి. వరద వస్తే, ఓడ లేటైతే, పండుగ సేల్ మొదలైతే ఎవరైనా కాస్త ఎక్కువ పనిచేయాల్సిందే. దానికి చాలామంది ఉద్యోగులు సిద్ధమే. ఇంట్లో గొడవ తెచ్చేది 10 గంటల డ్యూటీ కంటే, డ్యూటీ ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం. 'ఆదివారం వస్తాను' అని పిల్లలకు చెప్పడానికి లేదు. అమ్మను హాస్పిటల్‌కు తీసుకెళ్లడానికి అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి లేదు. అర్ధగంటలో ఇంటికి వస్తానన్న మనిషి నాలుగు గంటల తర్వాత వస్తే, జీతం ఎంతైనా ఆ ఇంట్లో ప్రశాంతత ఉండదు.

ఈ మాటకు ఆధారం ఉంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని గ్యాప్ దుస్తుల దుకాణాల్లో 2015, 2016లో పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. కొన్ని దుకాణాల్లో షిఫ్టులు మొదలయ్యే, ముగిసే వేళలను స్థిరంగా ఉంచారు, ఉన్నపళంగా మార్చడం తగ్గించారు. ఆ దుకాణాల్లో అమ్మకాలు దాదాపు 7 శాతం, ఉద్యోగుల ఉత్పాదకత దాదాపు 5 శాతం పెరిగాయి. దుకాణం అంటే సప్లై చైన్‌లో చివరి మెట్టు. అక్కడ కుదిరింది గోదాములో అచ్చం అలాగే కుదురుతుందని చెప్పలేం. కానీ 'షెడ్యూల్ ముందే ఇస్తే బిజినెస్ దెబ్బతింటుంది' అనే భయానికి ఇది గట్టి జవాబు.

కంపెనీలు ఏం చేయొచ్చు?

రోస్టర్ రెండు వారాల ముందే గోడ మీద పెట్టాలి. మార్పు తప్పనిసరైతే ఉద్యోగిని అడిగి మార్చాలి. ఆ వారంలోనే బదులు సెలవు ఇవ్వాలి.

బండ్లకు టైమ్ స్లాట్లు ఇవ్వాలి. పొద్దున్నే పది లారీలను ఒకేసారి రమ్మని వరసలో నిలబెట్టే బదులు, గంటకు రెండు చొప్పున పిలిస్తే డ్రైవర్‌కు నిద్ర, హమాలీలకు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతాయి. స్లాట్ దాటి నిలబెడితే హాల్టింగ్ చార్జీ పేచీ లేకుండా చెల్లించాలి. నిలబెట్టినందుకు డబ్బు కట్టాల్సి వస్తేనే నిలబెట్టడం తగ్గుతుంది.

ఆర్డర్లకు కటాఫ్ టైమ్ పెట్టి, దానికి కట్టుబడాలి. మధ్యాహ్నం 3 తర్వాత వచ్చిన ఆర్డర్ రేపటిది అంటే రేపటిదే. 'ఈ ఒక్కసారికి' అనే మాట రోజూ వినిపిస్తే కటాఫ్ ఉన్నా లేనట్టే.

నెలాఖరు కుప్పను పరచాలి. జపాన్ కార్ల కంపెనీ టయోటా 'హైజుంకా' అనే పద్ధతి పాటిస్తుంది. ఒకరోజు కొండంత, ఒకరోజు గోరంత కాకుండా పనిని రోజూ సమంగా పంచడమే దాని సారం. సేల్స్ ఇన్సెంటివ్‌ను నెలకు బదులు వారం లెక్కన చూసినా ఈ భారం కొంత తగ్గుతుంది. అలాగే మార్చి 31న రాత్రంతా స్టాక్ లెక్కపెట్టే బదులు, రోజూ కొన్ని ర్యాకులు లెక్కపెట్టుకుంటూ పోయే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

ఒక పని కనీసం ఇద్దరికి తెలియాలి. ఈ-వే బిల్లు తీయడం ఒక్కడికే వస్తే, ఆ ఒక్కడికి సెలవు ఉండదు. జ్వరమొచ్చినా ఫోన్ మోగుతూనే ఉంటుంది. రాత్రి ఫోన్లకు కూడా వంతులు వేయాలి. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. మిగతా అయిదుగురు ఫోన్ పక్కన పెట్టి పడుకోవాలి.

డ్రైవర్ల విషయంలో రిలే పద్ధతి మన దేశంలోనే ఓసారి అమలైంది. 2014లో మొదలైన రివిగో సంస్థ దూర ప్రయాణాన్ని ముక్కలు చేసింది. ఒక డ్రైవర్ కొన్ని గంటలు నడిపి, మధ్యలోని కేంద్రంలో లారీని ఇంకో డ్రైవర్‌కు అప్పగిస్తాడు. తను ఎదురొచ్చే మరో లారీ తీసుకుని అదే రోజు ఇంటికి చేరతాడు. ఆ సంస్థ ఎక్స్‌ప్రెస్ వ్యాపారం 2022లో మహీంద్రా లాజిస్టిక్స్ చేతికి వెళ్లింది. ఈ పద్ధతికి రెండువైపులా సరుకు, మధ్యలో కేంద్రాలు, పక్కా షెడ్యూల్ కావాలి. ఒకటి రెండు లారీలున్న ఓనర్‌కు ఒంటరిగా ఇది కష్టం. కానీ రెగ్యులర్‌గా తిరిగే రూట్లలో అయిదారుగురు ఓనర్లు చేతులు కలిపితే ఆలోచించదగ్గ దారే.

ఉద్యోగులు ఏం చేయొచ్చు?

ముందుగా సొంత లెక్క రాసుకోవాలి. డ్యూటీ ఎక్కిన టైమ్, దిగిన టైమ్ ఓ చిన్న నోట్‌బుక్‌లోనో, ఫోన్‌లోనో రోజూ రాయండి. నెల తిరిగేసరికి పే స్లిప్‌తో పోల్చి చూడండి. 'చాలా ఎక్కువ పనిచేయిస్తున్నారు' అంటే ఎవరూ వినరు. 'ఈ నెల 46 గంటలు ఓటీ అయింది, 20 గంటలకే డబ్బు పడింది' అంటే వినక తప్పదు.

పని పెరిగే రోజులు ముందే తెలిసినవే. నెలాఖరు, మార్చి, దసరా సేల్.. ఇవి క్యాలెండర్‌లో ఉన్నాయి. సెలవు దరఖాస్తును నెల మొదటి వారాలకు, ముందుగానే, రాతపూర్వకంగా పెట్టుకుంటే దొరికే అవకాశం ఎక్కువ. ఇంట్లో వాళ్లకూ ఆ క్యాలెండర్ చూపించండి. 'ఈ వారం రాలేను, వచ్చే వారం రెండు రోజులు మీవే' అని ముందే చెబితే అలకలు సగం తగ్గుతాయి.

షిఫ్ట్ అప్పగించేటప్పుడు నాలుగు లైన్లు రాసి ఇవ్వండి. ఏ బండి వచ్చింది, ఏది రావాలి, ఏ కాగితం పెండింగ్, ఎవరితో మాట్లాడాలి. ఇంటికి వెళ్లాక వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ నాలుగు ప్రశ్నల కోసమే వస్తాయి.

నైట్ డ్యూటీ చేసినవాళ్లు పగలు నిద్రను సెలవుగా కాకుండా పనిలో భాగంగా చూడాలి. గది చీకటిగా ఉంచుకోవడం, డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీ తగ్గించడం ఉపయోగపడతాయి. రాత్రంతా పనిచేసి బైక్ మీద 30 కిలోమీటర్లు వెళ్లడం ప్రమాదం. కాసేపు కునుకు తీశాకే బయల్దేరండి. కంపెనీ బస్సు ఉంటే అదే ఎక్కండి.

ఓటీ ఇవ్వకపోయినా, వీక్లీ ఆఫ్ లేకపోయినా జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు ఈఎస్ఐ, పీఎఫ్ కట్టుబడి అవుతోందో లేదో చూసుకోవాలి. రోజుకూలీ హమాలీలు, డెలివరీ బాయ్స్ ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. నిద్ర పట్టక, చిరాకు తగ్గక మనసు బాగోలేదనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. సేవ ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

మన వంతు కూడా ఉంది

ఈ గొలుసు చివర్లో ఉన్నది కస్టమర్, అంటే మనమే. ఇవాళే కావాల్సిన మందులు, పాలు వేరు. వారం తర్వాత వచ్చినా నష్టం లేని ఫోన్ కవర్‌కు కూడా 'రేపే డెలివరీ' బటన్ నొక్కుతున్నాం. కొన్ని సైట్లలో నాలుగు ఆర్డర్లు కలిపి ఒకేరోజు పంపమని అడిగే వీలుంది. అలా అడిగితే ఓ బండి ట్రిప్పు తగ్గుతుంది, ఓ మనిషి కాస్త ముందు ఇంటికి వెళ్తాడు. కింద గేటు దగ్గర నిలబడ్డ డెలివరీ బాయ్‌కి ఓ గ్లాసు మంచినీళ్లు ఇవ్వడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

సరుకు ఎక్కడుందో నిమిషం నిమిషానికి ఫోన్‌లో చూపించే టెక్నాలజీ మన దగ్గర ఉంది. పార్సిల్ ఎన్ని గంటలకు ఇంటికి వస్తుందో ముందే చెప్పగలుగుతున్నాం. ఆ పార్సిల్ పంపిన మనిషి ఎన్ని గంటలకు ఇంటికి వెళ్తాడో కూడా ముందే చెప్పగలిగిన రోజు, ఈ రంగంలో బ్యాలెన్స్ అన్న మాటకు అర్థం ఉంటుంది.